సాయంత్రం 5:52 ప్యాకెట్టు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. నేను పక్కన లేనప్పుడు ఎవరో ప్రేమగా నా కూతురి నోట్లో ఏదో పెడతారు. అందులో రొయ్య ఉంటుంది.

కామాక్షికి నాలుగేళ్ళు. రెండేళ్ళప్పుడు ఒకే ఒక్క రొయ్య ముక్క తిని పెదాలు ఉబ్బి, ఊపిరి అందక, ఆసుపత్రికి చేరేసరికి గోళ్ళు నీలమైపోయాయి. వల మీద బతికే ఇంట్లో పుట్టి రొయ్య పడని పిల్ల. ఆ రోజు నుంచి మా పొయ్యి మీద రొయ్య ఎక్కలేదు. ఊళ్ళో మిగతా పొయ్యిలన్నిటి మీదా ఎక్కుతూనే ఉంది.

అందుకే మధుబాబు కేసు వచ్చినప్పుడు, ఎప్పుడూ నోరు విప్పని నేను, "మేడం, ఇది ఒప్పుకోండి" అన్నాను. డెబోరా గారు నా వైపు చూసి, ఏమీ అడక్కుండా ఫైలు తీసుకున్నారు. ఆమె ఇరవై ఏళ్ళు ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ ల్యాబులో పనిచేసి, బయటికొచ్చి నెల్లూరులో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నారు. నేను ఆమె దగ్గర చేరి ఏడాదిన్నర.

మధుబాబు లారీ డ్రైవరు. ముప్పై ఒక్క ఏళ్ళు. అతనికీ రొయ్య పడదు. మే ఇరవై రెండున ఉదయం ఎనిమిదిన్నరకి కొడవలూరు దగ్గర హైవే పక్కన, కామమ్మ టిఫిన్ బండి మీద చీజ్ దోసె తిన్నాడు. తొమ్మిదీ ఐదుకి గొంతు పట్టుకున్నాడు. తొమ్మిదిన్నరకి ప్రాణం పోయింది. కామమ్మ సాయంత్రాలు అదే బండి మీద రొయ్యల వేపుడు అమ్ముతుంది. పెనం కడగలేదని పోలీసులు ఆమెను పట్టుకుపోయారు. రొయ్యల పెనం వేరు, దోసె పెనం వేరని ఆమె మొత్తుకుంది.

ఆ రెండు పెనాలూ మేము చూశాం. దోసె పెనం బండి కొక్కేనికి గొలుసుతో కట్టి ఉంది. అది రొయ్యల పొయ్యి దాకా రాదు. బండి కింద పెట్టెలో సగం వాడిన తురుము చీజ్ ప్యాకెట్టు దొరికింది. అందులోంచి కొంచెం ల్యాబుకి పంపాం. జవాబు రావడానికి ఇంకో వారం. ఈలోగా నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. తప్పు పెనానిది కాకపోతే ప్యాకెట్టుది. అదే నిజమైతే అలాంటి ప్యాకెట్లు ఈ పూట ఎన్ని ఇళ్ళలో ఉన్నాయి?

మే ఇరవై ఏడు, ఉదయం పదకొండూ ఇరవైకి, తోటపల్లి గూడూరు రోడ్డులోని ఆ ప్యాకెట్టు తయారైన చీజ్ యూనిట్‌లో అడుగుపెట్టాం. బయటి నుంచి వచ్చే చీజ్ దిమ్మెల్ని ఇక్కడ తురిమి, రెండు వందల గ్రాముల కవర్లలో నింపుతారు. యజమాని హజరత్తయ్య గుమ్మంలోనే ఎదురొచ్చాడు. లోపల ఆయన కుర్చీలో ఇంకొకతను కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. సుకుమార్. ఈ కంపెనీకి నాణ్యత ఆడిట్ చేసేది అతనే. ఒకప్పుడు ల్యాబులో డెబోరా గారి కింద పని నేర్చుకున్నవాడు.

"రండి మేడం. మీరొస్తారని కుర్చీ తుడిపించి పెట్టినా," అన్నాడు లేవకుండానే. "అసిస్టెంటు కూడానా? ఏం చదువుకునింది?"

"నీ అంత లేదు. ఎనిమిదో తరగతి. అందుకే కనిపించింది కనిపించినట్టు చెప్తుంది," అన్నారు డెబోరా గారు.

సుకుమార్ నవ్వి ఒక కాగితం బల్ల మీదికి తోశాడు. "మీకు శ్రమ లేకుండా చేసినా. చనిపోయినాయన తిన్న ప్యాకెట్టు బ్యాచ్ 0514. అంటే మే పద్నాలుగున చేసింది. అదే బ్యాచ్ ప్యాకెట్టు ల్యాబుకి పోయింది. రొయ్య లేదు, పీత లేదు, గుడ్డు లేదు, వేరుశనగ లేదు. ఇంక పోయి ఆ దోసెలామెనే అడగండి."

రిపోర్టంతా ఇంగ్లీషు. నేను కూడబలుక్కుని చదివేసరికి పొద్దుగూకుతుంది. అంకెలైతే చదవగలను. ల్యాబు వాళ్ళు తీసిన ప్యాకెట్టు ఫొటో మూలన ఉంది. బ్యాచ్ నంబరు కింద చిన్న అచ్చులో టైము. 09:05. నా సంచిలో కామమ్మ బండి దగ్గర దొరికిన ప్యాకెట్టు ఉంది. తీసి చూశాను. అదే నంబరు. కింద 17:52.

"మేడం," అని రెండూ పక్కపక్కన పెట్టాను.

డెబోరా గారు అయిదు క్షణాలు చూశారు. "హజరత్తయ్య గారూ, ల్యాబుకి పంపిన ప్యాకెట్టు ఎప్పుడు తీసి పెట్టింది?"

"పొద్దున్నేనమ్మా. ప్రతి బ్యాచ్‌లోనూ మొదటి ప్యాకెట్టు తీసి బీరువాలో పెడతాం. రేపు ఎవరన్నా అడిగితే చూపించేదానికి. దేవుడికి తొలి ముద్ద తీసిపెట్టినట్టు."

"ఎప్పుడూ మొదటిదేనా?"

"మొదటిదేనమ్మా. మెషీను కడిగి ఉంటది, చేతులు కడిగి ఉంటాయి."

"అంటే తొమ్మిదీ ఐదుకి పుట్టిన ప్యాకెట్టు బాగుందని, సాయంత్రం అయిదూ యాభై రెండుకి పుట్టిన దానికి కూడా మీరే హామీ ఇచ్చేశారు."

"ఒకే రోజు, ఒకే చీజ్, ఒకే మెషీను," అన్నాడు సుకుమార్. "టైము మారితే చీజ్ మారుద్దా?"

"చూద్దాం. ఆ బీరువా ప్యాకెట్టులో ల్యాబుకి పంపగా మిగిలింది ఉందా?"

ఉంది. డెబోరా గారు రెండు తెల్ల సాసర్లు తెప్పించారు. ఒకదాంట్లో పొద్దుటి చీజ్ చిటికెడు, ఇంకోదాంట్లో సాయంత్రంది. హ్యాండ్‌బ్యాగులోంచి గాయాలకి రాసే టింక్చర్ అయోడిన్ సీసా తీసి రెండిటి మీదా ఒక్కో చుక్క వేశారు. మొదటి సాసరులో అక్కడక్కడా నీలం చుక్కలు తేలాయి. రెండోది సిరా ఒలికినట్టు నల్లగా అయిపోయింది.

"స్టార్చ్ పిండి," అన్నాడు సుకుమార్ విసుగ్గా. "తురుము ముద్ద కట్టకుండా అందరూ కలుపుతారు. కవరు మీద రాసే ఉండాది."

"ఎంత అని రాసి ఉంది?"

"రెండు శాతం."

"ఈ రెండోది రెండు శాతమా?"

అతను సాసరు వైపు చూడలేదు. హజరత్తయ్య అందుకున్నాడు. "సముద్రం పక్కన గదమ్మా. గాల్లో తేమకి ఒక్కోసారి కొంచెం ఎక్కువ పడుద్ది."

"పొద్దున తొమ్మిదికి లేని తేమ సాయంత్రానికి ఎక్కడ్నుంచి వచ్చింది?"

డెబోరా గారు మే పద్నాలుగు నాటి చల్లగది రిజిస్టరు అడిగారు. గంట గంటకీ డిగ్రీలు రాసే పుస్తకం అది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా ఒకటే అంకె. నాలుగు, నాలుగు, నాలుగు.

"చక్కటి గది. నాకిలాంటిది ఇంట్లో ఉంటే బాగుండు," అన్నారు ఆమె. "ఆ రోజు మధ్యాహ్నం రెండూ పదికి గాలివాన వచ్చి లైను మీద చెట్టు కూలింది. అయిదూ నలభై దాకా ఈ చుట్టుపక్కల కరెంటు లేదు. సబ్‌స్టేషన్‌లో కనుక్కునే వచ్చాను."

"జనరేటరు ఉండాది," అన్నాడు హజరత్తయ్య.

"నేను ఏప్రిల్ ఆడిట్‌లో చూసినా. మంచి కండిషన్," అన్నాడు సుకుమార్.

"చూసుంటావు. పదండి, మేమూ చూస్తాం."

జనరేటరు షెడ్డు వెనకవైపు ఉంది. దాని మీద ఎన్ని గంటలు తిరిగిందో చూపించే చిన్న మీటరు. డెబోరా గారు దుమ్ము తుడిచారు. 1184.6.

"సుకుమార్, నీ ఏప్రిల్ రిపోర్టు మూడో పేజీలో ఈ మీటరు ఎంత అని రాశావు?"

అతను ఫైలు తెరవలేదు. నేను తెరిచాను. వేలు పెట్టి వెతికాను. 1184.6.

"ఏప్రిల్ నుంచి ఇవాళ్టి దాకా ఈ జనరేటరు ఒక్క నిమిషం కూడా తిరగలేదు," అన్నారు డెబోరా గారు. "నువ్వు నిజమే రాశావు సుకుమార్. నీకు తెలియకుండా."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "కరెంటు పోయుంటే సరుకు కరిగి ముద్దయ్యేది. కాలేదు గదా? మే నెల ఎండలో మూడున్నర గంటలు చీజ్ ఎట్టా నిలిచిందో మీరే చెప్పండి!"

"నాకూ అదే కావాలి."

తురిమే హాల్లో ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. వాళ్ళకి మేస్త్రి వెంకటశేషమ్మ. యాభై ఏళ్ళుంటాయి. ఇరవై ఏళ్ళు రొయ్యలు ఒలిచే షెడ్డుల్లో పనిచేసి, నిరుడు ఇక్కడికి వచ్చిన మనిషి. వేళ్ళ సందుల్లో పాత మచ్చలు చూడగానే నాకు తెలిసిపోయింది. పెళ్ళికి ముందు రెండేళ్ళు నేనూ ఆ పని చేశాను. చేతులు పొక్కులొచ్చి మానేశాను.

"పద్నాలుగో తేదీ కరెంటు పోయినప్పుడు చల్లదనం ఎలా కాపాడారమ్మా?" అని డెబోరా గారు అడిగారు.

వెంకటశేషమ్మ యజమాని వైపు చూసింది. "మాకేం తెల్దమ్మా. అంతా పద్ధతి ప్రకారమే."

ఇంకో రెండు విధాలుగా అడిగినా అదే మాట. డెబోరా గారు ఒక అడుగు వెనక్కి వేసి నా వైపు చూశారు. రొయ్యల షెడ్డులో కరెంటు పోతే మేమేం చేసేవాళ్ళం? ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. ఆలోచించేవాళ్ళమూ కాదు. చేతులు వాటంతటవే పనిలోకి దిగేవి.

"అక్కా," అన్నాను, "ఐసు ఎన్ని తట్టలు పట్టింది?"

"పద్నాలుగు," అనేసింది వెంకటశేషమ్మ.

హజరత్తయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆమెకు ఇంకా అర్థం కాలేదు. పైగా గొంతులో గర్వం. "ఏందిమే, చూస్తా కూర్చుంటామా? సరుకు మెత్తబడి పోతా ఉంటే! పక్కన రొయ్యల కంపెనీకి నేనే పరిగెత్తినా. ఆడ నన్ను కాదనేవోళ్ళు ఎవురు?"

"చీజ్ కవర్లలో ఉన్నిందా, విడిగానా?" అన్నాను.

"తురిమేసి ట్రేల్లో ఉండాది. దాని మీదే పోసినాం. రొయ్యకైనా మీదే గదా పోసేది."

"కొత్త ఐసేనా అక్కా?"

"కొత్తది యాడ? వాళ్ళకీ కరెంటు లేదు గదా పాపా. పెట్టెల్లో రొయ్యల మీద ఉన్నిందే తోడుకొచ్చినాం. మంచి ఐసే. చల్లంగా ఉండె."

ఆమె ముఖం చూస్తే నాకు కోపం రాలేదు. ఆ పూట అక్కడ నేనున్నా అదే చేసేదాన్ని. సరుకు పాడవుతుంటే ఐసు పోయాలి. మా చేతులకి తెలిసింది అంతే. రొయ్యల నీళ్ళు చీజ్‌లోకి దిగుతాయని, శాకాహారమని పచ్చ చుక్క వేసిన కవరులోకి ఎక్కుతాయని మాకు ఎవరు చెప్పారు?

మిగతాది హజరత్తయ్య నోటితోనే వచ్చింది. సాయంత్రం అయిదింటికి ఆయన వచ్చి చూసేసరికి ఐసు కరిగి తురుమంతా తడి. పారబోయాల్సింది. పారబోయలేదు. తడి పీల్చుకునేదాకా స్టార్చ్ పిండి కలపమన్నాడు. అయిదూ నలభైకి కరెంటు వచ్చింది. అయిదూ యాభై రెండుకి మెషీను మొదలైంది. రిజిస్టరులో నాలుగులన్నీ ఆ రాత్రి ఒక్కసారే కూర్చుని రాశాడు.

"వాసన రాలేదమ్మా," అన్నాడు. "వాసన వచ్చుంటే ఆపేవాడినే."

సుకుమార్ అడ్డొచ్చాడు. "ఇదంతా కూలి మనిషి నోటి మాట. కాగితం మీద ఏముండాది? నా దగ్గర ల్యాబు రిపోర్టు ఉండాది. రెండో పరీక్షకి పంపిస్తా, పద్నాలుగు రోజుల్లో వస్తది. అప్పటిదాకా ఒక్క షాపుకి ఫోను చేసినా ఈ కంపెనీ మూతబడుద్ది. ఈ నలభై మంది ఆడోళ్ళకి మళ్ళీ పని మీరిప్పిస్తారా?"

నలభై మందీ నేల చూశారు. అతను అన్నది అబద్ధం కాదు.

డెబోరా గారు 17:52 ప్యాకెట్టు తిప్పి వెనకవైపు అతని ముఖానికి ఎదురుగా పట్టుకున్నారు. "చదువు."

"ఏంది?"

"కింద చిన్న అక్షరాలు. నువ్వు రాసిచ్చినవే. చదువు."

అతను చదవలేదు. ఆమే చదివారు. "'ఈ ఆవరణలో రొయ్య, పీత, గుడ్డు, వేరుశనగ వాడబడవు.' నిన్న జైలులో కామమ్మని కలిశాను. ఆ రోజు మధుబాబు ముందు దోసె వద్దన్నాడంట. చీజ్ కవరు ఇమ్మని అడిగి, రోడ్డు మీద నిలబడి ఇదంతా చదువుకున్నాడంట. చదివాక, 'వెయ్యక్కా, పర్లేదు' అన్నాడంట. అతను నమ్మింది దోసెని కాదు సుకుమార్. నీ వాక్యాన్ని."

సుకుమార్ ఆ కవరు తీసుకుని, తను రాసిన వాక్యం చదువుకున్నాడు.

"హజరత్తయ్య గారూ, ఇంకో పద్నాలుగు రోజులు ఆగుదామా?"

పెద్దాయన ఫోను తీశాడు. అయిదూ యాభై రెండు తర్వాత చేసినవి ఆరు వందల పైచిలుకు. ప్రతి కవరు మీదా నంబరు ఉంది, ప్రతి షాపు పేరూ పుస్తకంలో ఉంది. పన్నెండూ నలభైకల్లా వరసగా ఫోన్లు వెళ్ళాయి. అమ్మొద్దు, అమ్మినవి ఎవరికి అమ్మారో చెప్పండి, వెనక్కి తీసుకోండి. నేను మొదటిసారి ఊపిరి పూర్తిగా పీల్చాను.

అప్పుడు వెంకటశేషమ్మ మెల్లగా అడిగింది. "మరి తెల్ల కవర్లు?"

"ఏ తెల్ల కవర్లు?" అన్నారు డెబోరా గారు.

"తూకం తప్పినవమ్మా. సీలు వంకర పోయినవి. షెడ్డులో విరిగిన రొయ్య ఆడోళ్ళకి ఇచ్చేస్తారు గదా, అట్టనే ఈడ తప్పిన చీజ్ మేం పంచుకుంటాం. ఆ రోజు పిండి ఎక్కువై తూకం కుదర్లా. చానా వచ్చినాయి. సాదా కవర్లో కట్టి ఇరవై రెండు మందికి ఇచ్చినా."

నంబరు లేదు. తేదీ లేదు. ఏ షాపు పుస్తకంలోనూ పేరు లేదు. వెనక్కి రమ్మని పిలవడానికి వాటికి ఒక గుర్తే లేదు.

"మా పాళెం వాళ్ళెవరన్నా తీసుకున్నారా?" అన్నాను.

"ఇద్దరు ఉండారు పాపా."

నేను బయటికి పరిగెత్తి అమ్మకి ఫోను చేశాను. ఆరుసార్లు మోగింది. "కామాక్షి ఏం తింటోంది?"

"పెరుగన్నం. ఏందే, ఏడస్తా ఉండావా?"

"ఎవరేం పెట్టినా తినిపించొద్దు. నువ్వు వండింది తప్ప. చీజ్ అని ఎవరన్నా తెస్తే గుమ్మం తొక్కనీయొద్దు." ఇంకోసారి చెప్పించుకున్నాకే పెట్టేశాను.

లోపలికి వచ్చేసరికి వెంకటశేషమ్మ చెప్పిన పేర్లూ నంబర్లూ డెబోరా గారు కాగితం మీద రాసి ముగించారు. సుకుమార్ వచ్చి ఆ కాగితం లాక్కున్నాడు. చింపాడో లేదో నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

"వదులు చెల్లెమ్మా," అన్నాడు. చింపింది అడ్డంగా, సరిగ్గా సగానికి. కింది ముక్క నా చేతిలో పెట్టాడు. "పైన పదకొండు నేను చేస్తా. కింద పదకొండు మీరు చెయ్యండి. తొందరగా అయిపోద్ది."

గంటన్నర పట్టింది. కొందరు తినేశారు, ఏమీ కాలేదు. ఒకామె అత్తకి ఒళ్ళంతా దద్దుర్లు లేచి తగ్గాయంట. ఎందుకో ఎవరికీ తెలియలేదు. ఇంకొందరు దాచుకున్నది ఫోనులో మాట్లాడుతూనే తీసుకెళ్ళి పాతిపెట్టారు. రెండూ పదిహేనుకి ఇరవై ఒక్క పేర్లు కొట్టేశాం.

మిగిలింది ఒకటి. రోజారమణి. ఫోను స్విచ్ఛాఫ్.

"ఎవరీమె?" అన్నారు డెబోరా గారు.

వెంకటశేషమ్మ గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. "అదీ మా షెడ్డు పిల్లేనమ్మా. దానికి రొయ్య నీసు పడదు. ఐసు నీళ్ళు తగిలితే మొహం ఉబ్బిపోయేది. నేనే ఈ పని చూపించి ఈడికి తెచ్చినా, ఈడైతే రొయ్య సోకదు గదా అని." చేతులు చూసుకుంది. "అందరికీ ఒక్కో కవరిచ్చి దానికి మూడిచ్చినా. ఊరంతా రొయ్యలు తింటా ఉంటే అది పక్కన కూర్చొని చూసేది. పాపం, ఇదన్నా తినిందిలే అని."

"తిందా?" అన్నారు డెబోరా గారు.

"లేదమ్మా. మన ఫ్రీజర్లోనే దాచుకునింది. వాళ్ళమ్మకి చపాతీల్లో పెట్టి, ఇద్దరం కలిసి తింటాం అక్కా అనింది. ఇరవై నాలుగున ఊరికి పోతా తీసకపోయింది. ఈ వారం వస్తానని చెప్పింది."

ఊరంటే ఊరు కాదు. చిట్టమూరు మండలం అని మాత్రం ఆమె పని కార్డులో ఉంది. వాళ్ళమ్మ రొయ్యల గుంటల కాపలా మనిషి. ఏ గుంట మీద పని దొరికితే ఆ గట్టు మీద గుడిసె. ఇప్పుడు ఏ గట్టు మీద ఉందో వెంకటశేషమ్మకి తెలియదు. రోజారమణి ఊరికి వెళ్ళి అప్పటికే మూడు రోజులు. సుకుమార్ ఇంకా ఆ నంబరే నొక్కుతున్నాడు. ప్రతిసారీ అదే జవాబు. డెబోరా గారు కారు తీశారు. నేను పక్కన కూర్చున్నాను. మేం ఎంత తోలినా అక్కడికి చేరి నాలుగు గట్లు తిరిగేసరికి చీకటి పడుతుంది. ఆ గుంటలు వందల్లో ఉంటాయి. మేం ఇద్దరమే.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు చిట్టమూరు వైపు వాళ్ళయితే, లేదా ఆ వైపు మీకు తెలిసినవాళ్ళు ఒక్కరున్నా, ఇప్పుడే లేవండి. పేరు రోజారమణి. ఇరవై రెండేళ్ళు. సన్నగా ఉంటుంది, ముంజేతుల మీద పాత పొక్కుల మచ్చలుంటాయి, తల్లితో కలిసి గుంట గట్టు మీద ఉంటుంది. వాళ్ళ దగ్గర మూడు తెల్ల కవర్లుంటాయి, వాటి మీద ఏమీ రాసి ఉండదు. గుడిసె బయట నిలబడి గట్టిగా పేరు పెట్టి పిలవండి. పలికితే, తినొద్దని చెప్పండి. పలక్కపోతే ఆగకండి. తడిక నెట్టి లోపలికి వెళ్ళి, ఆ పిల్ల ఎలా ఉందో ఒక్కసారి చూడండి.